కొరియా వైపు మావయ్యగారు

ఏదీ, ఆ వరస మళ్ళీ చదువు అమ్మలూ. నిదానంగా. తలసరి ఆదాయంలో జపాన్‌ని దక్షిణ కొరియా దాటిందనే ఉందా, లేక గ్రూప్స్ పరీక్ష కంగారులో పైదీ కిందదీ తారుమారు చేసి చదివావా? సరిగ్గానే ఉందా. ఊఁ. ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. ఈ మాట వినడానికి మీ ముత్తాతగారు ఇరవై ఏళ్ళు ఎదురుచూశారు. అదే, మా మావయ్య, మీ తాతయ్య వాళ్ళ నాన్న వెంకటరత్నంగారు. నువ్వు పుట్టకముందే పోయార్లే. ద్రాక్షారామం పక్కన ఎనిమిదెకరాల వరి, ఆరిపోయినా నోట్లోంచి తీయని చుట్ట, అదీ మనిషి. ఆయనకీ కొరియాకీ సంబంధం ఏంటంటావా, ఏమీ లేదు. ఆయనకి జపాన్ అంటే పడదు, అంతే. కుర్రతనంలో గ్రామసేవకుడొచ్చి జపాన్ పద్ధతి అని చెప్పి, తాళ్ళు కట్టి, వరసగా నాట్లు వేయించాడట. ఆ ఏడు తుఫానొచ్చి ఊరందరి చేలతో పాటు ఈయన చేనూ పడిపోయింది. ఊళ్ళోవాళ్ళు తుఫానుని తిట్టుకున్నారు, ఈయన జపాన్‌ని తిట్టుకున్నారు. "అంత వరసగా పడుకున్న చేను ఇంకెక్కడా చూళ్ళేదమ్మాయ్" అనేవారు నాతో.

మా నాన్నగారేమో దానికి పూర్తిగా ఎదురు. నాగేశ్వరప్రసాద్‌గారంటే పిఠాపురంలో రేడియో షాపాయన అని అందరికీ తెలుసు. జపాన్ ట్రాన్సిస్టరు ముట్టుకోవాలంటే ముందు చేతులు కడుక్కునేవారు. ఇలాంటి ఇద్దర్ని తెచ్చి వియ్యంకుల్ని చేస్తే ఏమవుతుందో ఆలోచించు. డెబ్భై ఎనిమిదిలో మీ నాన్న నా కడుపులో ఉన్నాడు, ఏడో నెల. భోజనాల దగ్గర మొదలైంది, మగపిల్లాడైతే ఎవరి పేరు పెట్టాలని. "తొలి మనవడికి తండ్రి తండ్రి పేరేనండి బావగారూ, ఇందులో మాటేముంది" అని మావయ్యగారు. "నాకు మగపిల్లలు లేరు కదండీ. మీ ఇంట్లో ఇప్పటికే ముగ్గురు వెంకటరత్నాలు, ఒకరిని పిలిస్తే ముగ్గురూ పలుకుతున్నారు" అని మా నాన్నగారు. నేను టీచరుగా చేరి అప్పటికి రెండేళ్ళు. నేను ముందే తినేసి ఓ పక్కన కూచుని మర్నాటి సోషల్ పాఠం చూసుకుంటున్నాను. తూర్పు ఆసియా దేశాల పట్టిక, ఆదాయం, ఆయుర్దాయం, అక్షరాస్యత. మా నాన్నగారు ఎడంచేత్తో పుస్తకం లాక్కుని, "చెరో దేశం తీసుకుందామండీ, ఎవరి దేశం పైనుంటే వాళ్ళ పేరు" అని గభాలున జపాన్ తీసేసుకున్నారు. మావయ్యగారు మాత్రం పట్టికంతా ఎడంచేతి వేలితో తడిమి, "ఈ దక్షిణ కొరియా పదేళ్ళ కిందట ఎంతుండేదమ్మాయ్" అని అడిగారు. ఇందులో పావు వంతు కూడా లేదండి అని చెప్పాను. "అయితే ఇదే నాది. నారు చూస్తే తెలియదూ చేను ఎలా ఉంటుందో" అన్నారు. మా అత్తయ్య చిట్టెమ్మగారు మజ్జిగ పోస్తూ, "నాకు ఉత్తర కొరియా ఇవ్వండి, దాని గళ్ళన్నీ ఖాళీయేనటగా. లెక్కే చెప్పనిదాన్ని ఎవరు ఓడిస్తారు" అన్నారు. ఆవిడ నెయ్యి గిన్నె కూడా అంతే, ఎంతుందో ఏనాడూ బయటపెట్టేవారు కాదు.

తీర్పు నా మీద పెట్టారు. అటు కన్నతండ్రి, ఇటు పొద్దున్న లేస్తే మొహం చూడాల్సిన మావగారు. ముందు తలసరి అంటే ఏంటో చెప్పాను. నీకూ చెప్తాను, పరీక్షలో పనికొస్తుంది. అయిదుగురికి పది గారెలు వండితే తలసరి రెండు. మీ తాతయ్య ఒక్కరే ఆరు తినేసి, నాకు ఒక్కటీ మిగలకపోయినా, పట్టికలో మాత్రం నేను రెండు తిన్నట్టే. అందుకని సగటుని మరీ నమ్మెయ్యకూడదు. ఇంకోటి, స్థాయి వేరు, పెరుగుదల వేరు. కొరియా ఎంత పరుగెడుతున్నా ఆ రోజున జపాన్ ఆదాయం దానికి ఆరింతలు. తప్పు చెప్పలేను కదా. "జపానేనండి మావయ్యగారూ" అన్నాను. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, కండువాతో తుడుచుకుని, "సరే. గడువు మాత్రం ఎవరూ అనుకోలేదు" అన్నారు. అదిగో, అక్కడ దొరికిపోయాం. పందెం ఏంటో చెప్పుకున్నారు గానీ ఎప్పటిలోగానో చెప్పుకోలేదు. మీ నాన్నకి నాగేశ్వరప్రసాద్ అని పేరు పెట్టడమైతే పెట్టాం, ఈయన లెక్కలో అది తాత్కాలికం. ఏటా రామచంద్రపురం లైబ్రరీకి ఇయర్‌బుక్ రావడం ఆలస్యం, నన్ను పంపేవారు. "ఎక్కడిదాకా వచ్చిందమ్మాయ్?" నాలుగింతలండి. ఇంకొన్నేళ్ళకి, మూడింతలండి. "చదువు సమానమైపోయింది. ఆయుష్షు దేవుడిచ్చేది, ఆ గడి కొట్టెయ్. ఇంక ఆదాయం ఒక్కటే." అలా కొట్టెయ్యకూడదండీ అంటే వినేవారు కాదు. మా నాన్నగారు ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే, "మీ కొరియా కులాసాయేనా బావగారూ" అనేవారు. "ఎదుగుతోందండి. మీ జపాన్‌కే మోకాళ్ళ నొప్పులటగా" అని ఈయన. ఇద్దరిలో ఒక్కరూ ఆ దేశాలు చూసినవాళ్ళు కాదు.

తొంభై ఎనిమిదిలో మావయ్యగారు మంచం పట్టారు. కాకినాడలో చూపించాం, ఇంక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. సరిగ్గా అప్పుడే అక్కడ కొరియాలో డబ్బు విలువ పడిపోయి దేశమంతా కుదేలైపోయింది, పేపర్లనిండా అదే గోల. ఈయనకి కళ్ళు కనపడడం లేదు కాబట్టి తెలీదు. ఓ మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "దాటిందా అమ్మాయ్" అన్నారు. అప్పటికి ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది, అరమార్కు ఎవరికీ ఊరికే వేసినదాన్ని కాను. "దాటిందండి మావయ్యగారూ" అన్నాను. తలెత్తితే గుమ్మంలో మా నాన్నగారు, చేతిలో ఆ రోజు పేపరు. నన్నోసారి చూశారు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, వచ్చి మంచం మీద కూచుని, "అవునండి బావగారూ, ఓడిపోయాను. రేపే వెళ్ళి వాడి పేరు మార్పించేస్తాను" అన్నారు. మావయ్యగారు నవ్వారు. "వద్దులెండి. టెన్త్ సర్టిఫికెట్లో ఎక్కిపోయింది, ఆఫీసుల చుట్టూ తిరగలేక ఛస్తాడు" అన్నారు. అని, పెరటి వైపు తల తిప్పి, "ఒరేయ్ నాగేశ్వరప్రసాదూ, కాసిని మంచినీళ్ళు తేరా" అని పిలిచారు. మీ నాన్న పుట్టిన ఇరవై ఏళ్ళకి అదే మొదటిసారి, ఆయన వాణ్ణి పేరు పెట్టి పిలవడం. అప్పటిదాకా అబ్బాయ్, అబ్బాయ్ అనే. వాడు నీళ్ళు తెచ్చాడు. తాగారు. నేను మాత్రం ఆ ఏటి అసలు అంకె ఇవాల్టిదాకా ఎవరికీ...

ఊఁ. ఏదీ, ఫోను తియ్యి. తరవాతది, తైవాన్ వరస చదువు.