గంట అందరిదీ

సభకి అధ్యక్షత వహిస్తున్న యూనియన్ పెద్ద ఇంగెయెర్డ్ గారికి, మేనేజర్ హోకన్ గారికి, నన్ను వదిలేసి ఆకుపచ్చ కేకు వైపే చూస్తున్న మిత్రులందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, కాగితం రాసుకురాలేదు. గున్‌వోర్ అక్కా, కంగారుపడకు, నీ బూట్లలో సబ్బు నురగ పోసిందెవరో ఇవాళ చెప్పను. "నువ్వేరా తూరే!" అంటోంది చూడండి. సరే, నేనే. (నవ్వులు)

ఈ ఆస్పత్రి దుప్పట్ల లాండ్రీలో ముప్పై ఒక్కేళ్లు చేసి ఇవాళ రిటైరవుతున్న అక్క, పదిహేనేళ్లుగా మా భద్రతా ప్రతినిధి. ఎవరి భుజాలూ పోకుండా, అరగంటకోసారి గంట కొడితే తడి దుప్పట్లు లాగేవాళ్లు మడతల దగ్గరికి, మడతలవాళ్లు తడి దగ్గరికి మారాలనే పద్ధతి పెట్టించింది ఆవిడే. గంట కొట్టే పని నాకిచ్చింది, అదొక్కటే ఆవిడ చేసిన పొరపాటు.

ఆరేళ్ల కిందట ఓ పొద్దున తడి దగ్గర విసుగొచ్చి, పది నిమిషాలకే గంట కొట్టేశాను. అందరూ గబగబా మారారు. ఏజెన్సీ నుంచి తాత్కాలికంగా వచ్చిన త్సెహాయ్ మాత్రం కదల్లేదు.

"ఏమ్మా, వినపళ్లేదా?" అన్నాను.

"ఆ గంట పర్మినెంటోళ్లకి అన్నా. మాకు కాదు" అంది, ఒక్క క్షణం భుజం పట్టుకుని మళ్లీ దుప్పటి లాగుతూ.

నాలుగు నెలలు ఆ పిల్ల పక్కనే నిలబడ్డాను, గమనించలేదు.

పరిగెత్తి అక్కకి చెప్పాను. అక్క ఆకుపచ్చ ప్రతినిధి కోటు తగిలించుకుని మిషన్లన్నీ ఆపేసింది. ప్రమాదమని భద్రతా ప్రతినిధి ఆపితే, చట్టం ప్రకారం మేనేజరు కూడా నడిపించలేడు కదా! హోకన్ గారు ఆయాసపడుతూ వచ్చి, "గున్‌వోర్, వాళ్ల కాంట్రాక్టు వేరు!" అన్నారు.

"కాంట్రాక్టు వేరు సరే, భుజం కూడా వేరా? ఒక్క మిషన్ తిప్పుతాను, మీరో అరగంట నిలబడి తడి దుప్పట్లు లాగండి" అంది.

పాపం, నిలబడ్డారు. గంట నా చేతిలో ఉంది. (నవ్వులు) "తూరే, అరగంట కాలేదా?" అని మూడుసార్లు అడిగారు. "అవుతూనే ఉంది సార్" అన్నాను. మొత్తం యాభై నిమిషాలు! హోకన్ గారూ, ఇవాళ ఒప్పేసుకుంటున్నా, క్షమించండి. ఆయన్నీ మెచ్చుకోవాలి, ఏజెన్సీవాళ్లూ గంటకి మారాలన్న కాగితం మీద మర్నాడే సంతకం పెట్టేశారు. గంట అందరిదీ అయింది.

ఇందాక అక్క కేకు ఎడం చేత్తో కోసింది, చూశారా? కుడి భుజం గంట లేని రోజుల్లోనే పోయింది. తనకి దక్కనిది మాకు ఇప్పించి పోతోంది. త్సెహాయ్ భుజం బాగుపడింది, ఉద్యోగం పర్మినెంటయింది, నిన్న మనమంతా అక్క చోట్లో ఆమెనే ఎన్నుకున్నాం. కోటు తొడుక్కోగానే ఆమె చేసిన మొదటి పని, నా చేతిలోంచి గంట లాక్కోవడం. (నవ్వులు)

అక్కా, ఇంకా ఏదో చెప్దామనుకున్నాను... అదిగో, త్సెహాయ్ గంట కొట్టేసింది! ఇక చోటు మారాలి. లే అక్కా, నువ్విక్కడికి రా, నేను కేకు దగ్గరికి పోతా. ఓపిగ్గా విన్నందుకు అందరికీ థాంక్సు. సెలవు.