పట్టు మసిగుడ్డ

1964 ఎండాకాలం, కదిరి. నూలు అంగడి బదరీనారాయణ ఇల్లు. అతని తల్లి నాగరత్నమ్మ కాలిన అరచేతికి వెన్న పూసుకొని మడి వంటింటి గడపలో కూర్చుంది. ఎదురుగా కోడలు ఆదిలక్ష్మి. ఇద్దరి మధ్య నేలమీద, కోడలు కొక్కెం సూదితో అల్లిన మసిగుడ్డ.

"తియ్యి దాన్ని నా ముందర నుంచి."

"తీస్తా అత్తమ్మా. ఒక్కసారి దగ్గరగా చూడండి, అంతే."

"ఏం చూసేది? నా తోలు అతుక్కొని ఉండాది దానికి. అది చూడాల్నా?"

"తోలుకు అతుక్కున్నది ఏందో చూడమంటాండా. పప్పు గిన్నె దించేలోపల కరిగి జిగురైపోయింది. పట్టు యాడన్నా కరుగుతుందా?"

"అల్లింది నువ్వు. నన్నడుగుతావా?"

"అల్లింది నేనే. కాదనలేదు."

"ఇంకేం. సాయంత్రం గోరంట్ల బస్సుకు పెట్టె సర్దుకో. అత్త చెయ్యి కాల్చిన కోడలు ఈ పొయ్యి ముందర నిలబడొద్దు. మీ నాయన అడిగితే నేనే చెప్తా."

"పొమ్మంటే పోతా. ముందు ఈ దారం సంగతి తేలనీండి. నూలు వద్దన్నది మీరే కదా?"

"అన్నా. నూలు మసిగుడ్డ రోజూ తడిపి ఆరేస్తేనే మడి. బావిలో బురద తప్ప నీళ్ళు యాడుండాయి? పట్టుకైతే మైల లేదు. నేనన్నది తప్పా?"

"తప్పు కాదు. నేను ఉన్ని అన్నా. ముదిగుబ్బ గొర్రెల ఉన్నికీ మైల లేదు, వేడికి కరగదు."

"థూ. ఆ గొర్రె కంపు నా పొయ్యి దగ్గరా?"

"ఇప్పుడీ కంపు బాగుండాదా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"సరే. ఇదో, ఈ కొస దీపానికి పెడతాండా. నూలైతే కాగితం మాదిరి కాలి బూడిదవుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి. ఇదేమైంది?"

"ముడుచుకుంది."

"చల్లారింది, నలపండి."

"ఛీ, నేను ముట్టను."

"నేనే నలుపుతా. చూడండి, నలగదు. రాయి మాదిరి గుండు కట్టింది. నైలాను ఇది."

"నైలానా? అంటే ఏంది?"

"బొగ్గు నుంచో చమురు నుంచో మరల్లో తీస్తారంట. పురుగూ లేదు, చెట్టూ లేదు."

"రామరామ. నిన్న దీంతోనే నైవేద్యం గిన్నె పట్టుకున్నా. నా మడి ఏం గావాల? నా నోట్లో ఇంత పేడ పెట్టినా బాగుండు."

"చెయ్యి కాలినదానికన్నా అదే ఎక్కువైందా మీకు? అదో, మీ కొడుకు వచ్చినారు. ఏమండీ, అంగట్లో పట్టు దారమని అమ్మే మూట యాడ తెచ్చినారు?"

"వచ్చీ రాగానే ఏందిది, ఆదీ? అమ్మ చెయ్యి ఎట్లుండాది?"

"మూట యాడిది?"

"బెంగుళూరిది. సేటు పట్టే అన్నాడు."

"కాల్చి చూడలేదా?"

"పట్టును కాల్చి చూస్తారా ఎవరన్నా?"

"దారాలమ్మే ఇంట్లో పుట్టి మీరడిగే మాటేనా అది?"

"మెల్లగా మాట్లాడు. వీధిలోకి వినపడుతుంది."

"వినపడనీ. సత్రంలో వంట చేసే నాగలక్ష్మమ్మ, ఆ మూట దారంతోనే నేను అల్లిన మసిగుడ్డలు, కుదురు పొద్దున పట్టుకుపోయింది. రేపు అక్కడ అన్నం గంగాళం దించేది ఆమే. పిడికిట్లో కరిగితే గంగాళం వదిలేకి కూడా కాదు, కాళ్ళ మీదనే పోసుకుంటుంది. ఇప్పుడే పోయి వెనక్కి తెస్తా."

"ఆగు. ఏమని చెప్పి తెస్తావు?"

"పట్టు కాదు, నైలాను అని."

"చెప్పినావంటే మడి ఇళ్ళోళ్ళు మన అంగడి గడప తొక్కుతారా మళ్ళీ? అమ్మా, నువ్వన్నా చెప్పు."

"వాడు చెప్పేది విను. సేటు మోసం చేస్తే వాడేం జేస్తాడు?"

"మోసపోయింది నిజమైతే భయమెందుకు అత్తమ్మా? మేమూ మోసపోయినామని చెప్పి, ఉన్నివి అల్లి ఇద్దాం. రాత్రంతా కూర్చొని నేనే అల్లుతా."

"ఏమీ అల్లొద్దు ఆదీ. నీ అల్లికలో సందులుండాయి, ఆ సందుల్లో వేడి దిగి చెయ్యి కాలిందని చెప్తాం. నువ్వు కొన్నాళ్ళు గోరంట్లలో ఉంటావు. అంతటితో సరి."

"ఇదా మీరిద్దరూ అనుకున్నది? నేను గోరంట్లలో కూర్చుంటే నాగలక్ష్మమ్మ కాళ్ళు కాలకుండా ఉంటాయా?"

"ఊరోళ్ళ కాళ్ళతో నీకేం పని ఆదీ?"

"థూ. మీ చేతి నీళ్ళు తాగాలంటే రోతగా ఉండాది నాకు."

"చూడ్రా, చూడు దీని నోరు. అత్త చెయ్యి కావాలని కాల్చి, మొగుణ్ణి ఎట్లా అంటాండాదో."

"కావాలని కాల్చినానా? అత్తమ్మా, మీకని ఏరి ఏరి అల్లినా. లోపలి పెట్టెలో ఉన్న పట్టు కండె కూడా చూసినా. మసకగా, ఏడ్చినట్లుండాది. అంగడి మూటలోది తళతళ మెరుస్తాండాది. మీకు మంచిదే ఉండాలని మూటలోది తీసినా. అది నా తప్పా?"

"తప్పు కాదా? ఎవరు తియ్యమన్నారే నిన్ను?"

"అమ్మా, ఊరుకో."

"నువ్వుండరా. ఆ మూట దించిననాడే వీడు కాల్చి చూసి, నాకని అసలు పట్టు ఆ పెట్టెలో వేరే పెడితే, ఊరోళ్ళకు అల్లే దారంతో నాకెందుకు అల్లినావే?"