శంకర్ మామ అడిగిన మాట

“ఓ రాజేశమన్నా, బియ్యమిచ్చుడైంది. అచ్చి ఉత్తరం సదువుండ్రి” అని అమ్మమ్మ లోపటినుంచి పిలిచింది.

రాజేశం తాత మా తాతకు దోస్తు. ఇద్దరు ఊరిడిసి బతుకనీకచ్చి ఈ భేస్తాన్‌లనే ఒక్క ఖోలీల, గింతంత అర్రల ఉండి బట్టల సాంచాలు నడిపిండ్రు. మా ఇంట్ల తెలుగు సదువచ్చినోళ్ళు లేరు. అందుకని పెద్దల పేర బియ్యమిచ్చే ప్రతి పెత్రమాసకు, లంకల చనిపోయిన మా శంకర్ మామ ఆఖరి ఉత్తరం ఆయనే సదువుతడు. ఈసారి ఆయన కండ్లకు మోతిబిందు పొర కమ్మింది. నేను కొత్తగ తెలుగు నేర్చుకున్న, నేనే సదువుతనన్న. ఫొటోల మామ ఫౌజు బట్టలల్ల ఎంత అందంగుంటడో. ఆయన రాసిన ఉత్తరం నా చేతులనే ఉన్నది.

గుమ్మంల కూసున్న రాజేశం తాతను ఊకెనే అడిగిన: “తాతా, పెద్ద దేశాలు పక్క దేశంల ఫౌజును ఎందుకు దింపుతయి? ఫోన్‌ల రోజూ గదే వార్త.”

“ఎందుకా... జరాగు బిడ్డా, ఆ ఉత్తరం ఇప్పకు. కూసో. మీ మామ లంకకు పోయినప్పుడు గూడ గిదే లొల్లి. అప్పుడు ఆటానకు, అర్ధరూపాయికి చాయ్... రూపాయేమో, యాదికి లేదు. ఖోలీల పదిమందిమి, అక్షరం ముక్క వచ్చినోన్ని నేనొక్కన్నే. పని పాళీ దిగినంక పేపరు నేను సదవాలె, అందరు సుట్టు కూసుందురు. మన ఫౌజు గాడికెందుకు వోయిందిరా అని మీ తాత రోజూ అడుగుతుండె. పేపర్ల ఒకనాడు ఆడి తమిళోళ్ళను కాపాడనీకని ఉండె. ఇంకోనాడు గా తమిళోళ్ళతోనే కొట్లాట. మాతోని సాంచాలు నడిపే ఒరియా కారిగరు ఒకడు, ఆడ మంచి రేవున్నది, దూరపు పెద్ద దేశం ఓడలు దిగకముందే మనోళ్ళు వోయిండ్రనె. ఓట్ల కోసమని ఇంకొకడు. సుట్టుపక్కలోళ్ళకు మనమే పెద్దన్నలమని సూపియ్యనీకని సాంచాల సేటు. అన్ని నిజమే అనిపిచ్చె, ఏదీ నిజం గాదనిపిచ్చె. గిప్పటి దేశం సంగతి గూడ గంతేనేమో, కాదేమో.

గప్పుడచ్చింది గీ ఉత్తరం. సాంచాల మోతల మీ తాత తెగిన పోగు ముడేసుకుంటనే సదువన్నడు. సదివిన. ‘బాపూ, నేను మంచిగున్న. దసరాకు అస్త. చెల్లెకు చీర తెస్త.’ నీకు నోటికచ్చు గదా?”

“అచ్చు.”

“గట్ల లేదు బిడ్డా అండ్ల.”

“మరేమున్నది తాతా?”

“‘బాపూ, మనం ఈడికెందుకచ్చినమో ఎవ్వలు జెప్తలేరు. మొదలు మాకు దండలేసినోళ్ళే ఇప్పుడు కాలుస్తున్నరు. రాజేశం కాక పేపరు సదువుతడు గదా, అడిగి రాయి’ అని ఉన్నది. నన్నే అడుగుమన్నడు. అంతమందిల నాకు తెల్వదని ఎట్లందు? నోటికచ్చింది సదివిన. సంగతి తెల్సుకుని నేనే జవాబు రాద్దామనుకున్న. ఎన్ని పేపర్లు తిరగేసిన్నో. నెల గాకముందే ఆడు లేడని తారచ్చింది. ఇగ గప్పటిసంది ఆ అబద్ధమే సదువుకుంటచ్చిన.”

“అన్నా, అస్తున్నరా?” అని అమ్మమ్మ మల్లా పిలిచింది.

“పా బిడ్డా, అమ్మమ్మ ముందల ఉన్నదున్నట్టు సదువు. నేను గూడ అస్త, పక్కపొంటి కూసుంట. ఎందుకు వోయిండ్రో నాకిప్పటికి తెల్వదు. తెల్వదు కొడుకా అని... మీ మామకు గా ఒక్క ముక్కన్న రాయకపోతిని.”