గట్టి పొలుసు

మగ బెట్టా చేపలు ఒకదాన్నొకటి చూస్తే ఊరుకోవు. అందుకే ఆ బ్యాంకాక్ దుకాణంలో సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్క ఉంది.

"అక్కా, ఆ నీలం చేప ఇవ్వు. మా పాప పుట్టినరోజు."

"ఎందులో పెంచుతావు తమ్ముడూ?"

"పెద్ద తొట్టి కొన్నాను. మూత కూడా ఉంది."

"ఒక్కదాన్నేనా?"

"రెండు మగవి కలిపితే చస్తాయని తెలీదా నాకు? పోలీసులా అడుగుతున్నావే!"

"నీళ్ళ సంగతి?"

"బాదం ఆకులు నానబెట్టాను. నీళ్ళు నల్లబడేదాకా."

"అన్ని ఆకులెందుకు?"

"పొలుసు గట్టిపడొద్దూ?"

ఆమె సీసా వెనక్కి లాక్కుంది.

"పాప చూసుకునే చేపకి గట్టి పొలుసెందుకు? నా చేప పందేనికి రాదు. రేపు పాపని తీసుకురా, ఊరికే ఇస్తాను."

అతను విసురుగా వెళ్ళిపోయాడు. పక్క దుకాణం నుంచి అతని గొంతు వినిపించింది.

"అన్నా, ఆ ఎర్రది ఇవ్వు. మా బాబు పుట్టినరోజు."