కాటా అక్కగారు దించమన్న పది పెట్టెలు

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూన్ ఎనిమిదవ తేదీన మన టైల్స్ దుకాణంలో బిల్లుల గుమాస్తాగా అడుగుపెట్టి, అనతికాలంలోనే సరుకు రవాణా బాధ్యతలను స్వీకరించి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన కాటా అక్కగారిని అభినందించే భాగ్యం, ఆవిడ పంపిన బండ్లను ఇన్నేళ్ళూ నడిపిన డ్రైవరునైన నాకు దక్కింది. మాటలు ఎక్కువైతే పెద్దలు క్షమించగలరు. బరువు ఎక్కువైతే మాత్రం అక్కగారు క్షమించరు.

ఆవిడ గోడౌనుకు వచ్చేనాటికి, సరుకు పంపడమంటే బండిలో జాగా ఉన్నంతవరకూ నింపడమేనని అందరి నమ్మకం. టైల్స్ పెట్టెలతో చిక్కేమిటంటే, సగం బండి ఖాళీగా కనిపిస్తుండగానే బరువు నిండిపోతుంది. బండి కాగితాల్లో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసివేయగా మిగిలినదే మనం మోయదగినదనీ, అందులో డ్రైవరూ కూలీలూ కూడా భాగమేననీ ఆవిడ ఎంతో ఓపికగా నేర్పారు. ఇంట్లోనూ ఇదే వరస అని బావగారి ఫిర్యాదు: ఊరెళ్ళేటప్పుడు ఆయన సంచీ ఎత్తి చూసి, రెండు చొక్కాలు తీయించందే గడప దాటనివ్వరట.

కొన్నాళ్ళకు యజమానిగారు కొత్త లారీ కొని, ముచ్చటపడి దానికి ఇనప చట్రమూ, పెద్ద పనిముట్ల పెట్టే బిగించారు. తొలి లోడు కొండవాలు దిగువన కడుతున్న ఆసుపత్రికి. అప్పటికి మా ఆవిడకు నెలలు నిండాయి. అక్కగారు ఖాళీ బండిని మళ్ళీ కాటా వేయించి, లోడెక్కాక తానే పైకెక్కి లెక్క చూసి, ఆ సోకుల బరువుకు సరిగ్గా పది పెట్టెలు దించమన్నారు.

"పది పెట్టెల కోసం రెండో ట్రిప్పా? బండి నాది. దిగాల్సింది పెట్టెలు కాదు, నువ్వు!" అని యజమానిగారు మండిపడ్డారు. అక్కగారు ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నట్టే అనుకున్నాం.

ఆవిడ తొణకలేదు. "అలాగేనండి, దిగుతాను. నాతోపాటు ఆ పదీ కూడా దింపించండి."

కూలీలు నవ్వు ఆపుకోలేకపోయారు. కాసేపటికి యజమానిగారూ నవ్వేశారు. పెట్టెలు దిగాయి.

వాలులో మలుపు తిరగగానే ఎదురుగా ఆగిన బస్సు, దిగుతున్న జనం! బ్రేకు మీద నిలబడ్డాను. బస్సుకు జానెడు దూరంలో బండి ఆగింది. ఆ వారమే మా అమ్మాయి పుట్టింది. ఈ వ్యాసాన్ని కంప్యూటర్‌లో కొట్టిపెట్టింది తనే. ఆ పదీ బండిలోనే ఉండి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. అక్కగారి రుణం తీర్చుకోలేనిది, అంతే.

ఆవిడ బావగారి సమేతంగా, ఆయురారోగ్యాలతో, ఇకనైనా ఆయన సంచీ జోలికి పోకుండా, నిండు నూరేళ్ళు సుఖంగా ఉండాలని మనందరి ఆకాంక్ష.

సన్మానం ముగిశాక వారిని మన లారీలోనే ఇంటికి చేర్చాలని నిర్ణయం. ముందు ఉన్నవి మూడే సీట్లు. తామూ వస్తామన్న యజమానిగారికి ఆ మాట చెబితే, "సరేలే, ఈసారి దిగేది నేనే" అని స్కూటరు తీయించారు. కానుకలన్నీ నేనే కాటా వేశాను. అక్కగారూ, బరువు సరిపోయింది. ఎక్కండి.