గిరిగాణ్ణి తాకనియ్యని అమ్మ

ఏమ్మా మహితా, పాపను బళ్లో ఇడిసి ఇంకా గేటు కాడ్నే నిలబడుకోనుండావే? ఇట్ల కూర్సో. నెల తక్కువ బిడ్డంటే బయముంటాదిలే, మా ఇంట్లో జరగలేదా? మా గిరిగాడు ఏడో నెల్లోనే పుట్టేసినాడు. అరిచెయ్యంత బిడ్డ. తిరుపతి ఆస్పత్రిలో డాక్టరమ్మే 'ఆశ పెట్టుకోవద్దండి' అనేసింది. మా ఇంటామె చంద్రకాంత, నువ్వు సూళ్లేదులే, నువ్వీ వీదికి కాపరానికి రాకముందే పోయింది, వాణ్ణి రైక లోపల రొమ్ముకానించుకోనే బతికించుకునింది. అంత కష్టపడి సాకిందా, ఇంక వాణ్ణి గాలి గూడా తాకగూడదు ఆమెకి. బళ్లో ఏసిన దినమే పిలకాయలందర్నీ నిలబెట్టి, 'మావోడి మింద ఎవురన్నా సెయ్యేస్తే తోలు తీస్తా' అనింది. ఆ గొంతు అట్లాంటిదిలే, పూలంగడి కాడ ఆమె బేరమాడితే వీదంతా... సరే, యాడికో పోతాండా. పిలకాయలు ఆ మాట బాగా పట్టుకున్నారమ్మా. ఎవురూ తాకలా. చెడుగుడుకు పిలవలా. పిలిసినా ఆటలో అరటిపండే, కూతకు పోతే పట్టుకునేవాడు లేడు. వీడు కుళాయి కాడ గోడకానుకోని సూస్తా ఉంటాడు. మూడో తరగతికొచ్చినా ఒక్క సావాసగాడు లేడు.

ప్రేమానందం సారని, వాళ్ల అయివారు, ఆయన పిలిపించినాడు. 'అమ్మా, బిడ్డ లెక్కలు బాగా చేస్తాడు. మాట్లాడేదే లేదు. మాట రాక కాదు, మాట్లాడేదానికి మనిషి లేక' అన్నాడు. ఆమె ఇంటికొచ్చి అన్నం గూడా తిన్లా. మర్నాడు ఇంటర్వెల్లో పోయి పిలకాయల్ని పిలిసి, 'ఒరే నాయనా, నేను తప్పు సెప్పినా. వాణ్ణి గూడా పట్టుకోండి. పడితే నేనడగను' అనింది. మునిప్రసాద్ అని ఒక మొండోడు, గిరిగాడు కూతకు రాంగానే కాళ్లు పట్టి లాగేసినాడు. బోర్లా పడినాడమ్మా. పెదివి పగిలి నెత్తర. లేసి వాళ్లమ్మ తట్టు సూసినాడు. ఆమె మొగం అట్ల తిప్పేసుకునింది. కొంగు నోట్లో కుక్కుకోని, కంచె తీగ పట్టుకోని. నేను పక్కనే ఉన్నా. వీడు తుపుక్కున ఉమ్మేసి, 'నేను అవుటు గాలేదురా, గీత తాకినా!' అని అరిసినాడు. వాని గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలీదు.

వాడు పదో తరగతిలో ఉండంగా ఆమెకు కడుపులో గడ్డొచ్చి పోయింది. దినాలయ్యేదాకా ఆ పిలకాయలంతా మా వరండాలోనే పడుకున్నారమ్మా, ఇంటికి పొమ్మన్నా పోలా. గిరిగాడు ముద్ద ముట్టడే. మునిప్రసాద్ అన్నం కలిపి, 'తిన్రా, తింటావా లేదా' అని తిడతా, వాడే ఏడస్తా, నోట్లో పెడతా ఉంటే నేను తలుపు కాడ్నించి సూస్తా నిలబడినా. అది ఆమె సూసింటే...

...

ఎండెక్కతా ఉండాది. ఈ నీడలోకి జరుగు.