సర్కారును అడిగిన సాయవ్వ

అవ్వలారా, అక్కలారా, అన్నలారా! కోటగిరి నుంచి, ముప్కాల్ నుంచి, బోధన్ గల్లీ గల్లీ నుంచి గింతమంది వచ్చిండ్రు. చెరుకు బండ్లోళ్లు బండ్లు ఆపి వచ్చిండ్రు. కలెక్టర్ ఆఫీసుల చప్రాసి పని చేసే హన్మాండ్లన్న నిజామాబాద్ నుంచి బస్సెక్కి వచ్చిండు. ఎవ్వలు పిలిచిండ్రు మనను? ఎవ్వలు పిలువలె. సాయవ్వ పోయిందని విన్నం, వచ్చినం.

శుక్రవారం పగటీలి అందరికి రొట్టెలు పెట్టింది. తాను తిన్నది. జెర నడుం వాలుస్తనని మంచం మీద ఒరిగింది. మళ్ల లేవలె. ఒక నొప్పి లేదు, ఒకరి మీద భారం లేదు. దుఃఖం లేదా అంటె ఉన్నది. గని నిండుగ బతికి పోయిన మనిషి గురించి ఏడ్సుకుంట మాట్లాడబుద్ధి అయితలేదు నాకు.

నేను తారాబాయిని. బజార్ల గాజుల దుకాణం నాది. సాయవ్వ గురించి ముందుగాల ఎరుకలేనోళ్లకు చెప్త, వినుండ్రి.

ముప్పై అయిదేండ్ల కిందటి ముచ్చట. ఆమె పెనిమిటి దేవిదాస్ బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలి, పైసలు నడుముకు కట్టుకొని ఇంటికి మర్లిండు. తొవ్వల ఇద్దరు అడ్డం వచ్చి, కత్తితోని పొడిసి, పైసలు గుంజుకపోయిండ్రు. మనిషి అక్కడ్నే పోయిండు. సాయవ్వకు ముగ్గురు పిల్లలు. చిన్నోడు ఆశన్న ఇంక పాలు తాగుతుండె. పోలీసులు దొంగలను పట్టిండ్రు. కోర్టు యావజ్జీవం వేసింది. ఊరంత ఏమన్నది? "న్యాయం జరిగింది సాయవ్వా, ఇగ ఇంటికి పో" అన్నది.

ఇంటికి పోయి ఏం వండాలె? పొయ్యి మీద ఏం పెట్టాలె? ఆమె ఇంటికి పోలె. పిల్లగాణ్ని సంకన ఏసుకొని కలెక్టర్ ఆఫీసుకు పోయింది. అక్కడ సారు ఏమన్నడు? "గిసోంటి సాయం ఇయ్యాలని కానూన్‌ల లేదమ్మా" అన్నడు. సాయవ్వ కోపం చెయ్యలె, ఏడ్వలె. నిలబడి అడిగింది: "సారూ, చంపినోనికి జైల్ల రెండు పూటలు సర్కారే తిండి పెడ్తున్నది. సచ్చినోని పిల్లలకు ఎవ్వలు పెట్టాలె? కానూన్‌ల లేకుంటె రాయుండ్రి."

ఆ సారు మంచిమనిషి, హైదరాబాదుకు రాసిండు. చాన దినాలు తిప్పలువడ్డది సాయవ్వ. వానకు పోయింది, ఎండకు పోయింది. ఆఖరుకు సాయం మంజూరు అయింది. ఆ రోజు ఆఫీసుల ఒకాయన, "సర్కారు నీకు ధర్మం చేసింది, దండం పెట్టు" అన్నడట. "దండం పెడ్త సారూ, పెద్దోళ్లు మీరు. గని ఇది ధర్మం గాదు. తొవ్వల మనుషులను కాపాడే జిమ్మ, ఆ బాధ్యత, సర్కారుది" అన్నది. హన్మాండ్లన్న అప్పుడు తలుపుకాడ నిలబడి విన్నడు. అడుగుండ్రి, ఇయ్యాల్టికి చెప్తడు.

ఆ సాయంతోని ఫ్యాక్టరీ దిక్కు, చెరుకు బండ్లు వరుస కట్టేకాడ, చిన్న షెడ్డు ఏసింది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. మీల తినని బండాయన ఎవ్వలున్నరు? బిడ్డల లగ్గాలు చేసింది. ఆశన్నను చదివించింది.

ఇగ ఇంకో ముచ్చట. ఇది చెప్పొచ్చా అని రాములవ్వను అడిగిన. "చెప్పు, అందరు వినాలె" అన్నది. దేవిదాస్‌ను పొడిసినోని పెండ్లామే ఈ రాములవ్వ. మొగడు జైలుకు పోయినంక ఊర్ల ఎవ్వలు కూలికి పిలువలె. పసిబిడ్డతోని వచ్చి షెడ్డు ముంగట కూసున్నది. బండ్లోళ్లు ఎల్లగొట్టుమన్నరు. సాయవ్వ ఏం చేసింది? పళ్లెంల రెండు రొట్టెలు పెట్టి ముందుకు నూకింది. దినాం అట్లనే. మొఖం దిక్కు చూడకపోయేది, పళ్లెం ఆపకపోయేది. మనసుల అగ్గి ఉండదా? ఉంటది. ఆమె మనిషే. ఒకనాడు ఆ బిడ్డ వచ్చి సాయవ్వ కొంగు పట్టుకొని నవ్విందట. అప్పుడు అన్నది, "రాములూ, పిండి కలుపు. చెయ్యి ఖాళీగ ఎందుకు?" ఆనాటి నుంచి ఇద్దరు ఒక్క పొయ్యికాడ్నే బతికిండ్రు.

నా ముచ్చట చిన్నది. నా దుకాణంల దొంగలు పడి కొడవలితోని కొట్టిండ్రు. కుడిచెయ్యి పోయింది. నిజామాబాద్ దవాఖానల పడి ఉన్న. గాజులు తొడిగేదానికి చెయ్యి లేకుంటె ఏం బతుకు అనుకున్న. అప్పుడు ఒక ముసలామె రొట్టె మూటతోని వచ్చి మంచం పక్కన కూసున్నది. "ఎవ్వలవ్వా నువ్వు?" అన్న. "నీ అసొంటిదాన్నే. తిను. లేవు. ఆఫీసుకు పోదాం" అన్నది. పోయినం. ఆమెను చూసి హన్మాండ్లన్న స్టూలు తెచ్చి ఏసిండు. పని కాందే లేవదని ఎరుకే గద ఆయనకు! ఏడాదికి సాయం వచ్చింది. దుకాణం మళ్ల తెరిచిన. ఎడమచేత్తోని తొడుగుడు నేర్చుకున్న. పోయిన ఎండకాలం సాయవ్వ మనుమరాలి లగ్గానికి గాజులు తొడిగింది నేనే. ఒక్కటి పలుగలె! సాయవ్వ చూసి మురిసిపోయింది.

ఆఖరి మాట. ఇయ్యాల పొద్దుగాల భీమ్‌గల్ నుంచి విమలమ్మ అనే అక్క వచ్చింది. పోయిన నెల ఆమె కొడుకును చంపిండ్రు. సాయవ్వను కలుద్దామని వచ్చింది, పోయిందని ఎరుకలేదు. విని, మర్లిపోతుంటె నేనే ఆపిన. రేపు మొదటి బస్సుకు ఆమెను తీస్కొని నిజామాబాద్ కలెక్టర్ ఆఫీసుకు పోతున్న. వచ్చేటోళ్లు బస్టాండుకు రాండ్రి. ఎంతమంది వస్తె అంత మంచిది.

ఇగ లేవుండ్రి. అందరు నిలబడుండ్రి. సాయవ్వను మనసుల తల్సుకొని దండం పెడ్దాం. విమలమ్మక్కా, అంత ఎనుక ఎందుకు నిలబడ్డవ్? ఇటు రా, నా పక్కకు రా.